పదిహేడో పెట్టె పాఠం

గాలికి ఆరు రోజులు

ఉదయం కట్ట మీద పసుపు జెండా ఎగరేశారు. సూర్యగాలి వస్తోంది. ఆరు రోజులు గడువుందని మైకులో చెప్పారు.

పదమూడు, పద్నాలుగు పెట్టెల్లో తెరల మీదున్న పాఠాలు పుస్తకాల్లోకి ఎత్తి రాశాను. పోయిన నెలకీ దీనికీ తేడా లేదు. పదిహేనో పెట్టె మూత తుప్పు పట్టింది. గ్రీజు రాశాను.

టీ దగ్గర బుల్లియ్య కలిశాడు. పల్లపు వీధి పంపు వాడే చూస్తాడు. నాకంటే రెండేళ్ళు చిన్న. అయినా బడిలో ఉన్నప్పటి నుంచీ ఒరే అనే పిలుస్తాడు.

"ఏరా, నీ పాఠాలన్నీ సరిగ్గా ఉన్నాయా? మూడేళ్ళ కిందటి గాలికి పన్నెండో పెట్టెవాడు ఒక్క లైను మింగేశాడు. మూడు రోజులు చీకట్లో అన్నాలు తిన్నాం."

"ఉన్నాయి" అన్నాను.

"నీకేం భయంలే. నీ రాత అచ్చేసినట్టుంటది." గ్లాసు కడిగి బోర్లించాడు. "పదిహేడులో మార్పులు చేశారుగా, అవీ ఎక్కినాయి కదా?"

"ఏం మార్పులు?"

"పంపుకి కొత్త మోటారు బిగించినప్పుడురా. ఏడాది దాటింది. దక్షిణపు కట్ట నుంచి ఒకమ్మాయి వచ్చి వైర్లు అటుదిటు, ఇటుదటు మార్చింది. పెట్టెలో దిగి పూటంతా టైపు కొట్టింది. ఏం కొట్టిందో నాకేం తెలుసు? నువ్వు నెలనెలా ఎత్తుతున్నావుగా. అందులో ఉంటాయిలే."

ఉంటాయిలే అన్నాను. టీ సగం వదిలేసి వచ్చాను.

ఇది పాఠాల పుస్తకం కాదు, రోజువారీ పని పుస్తకం. కట్ట ఆఫీసువాళ్ళు ఇస్తారు, నిండాక తీసుకెళ్ళి బీరువాలో పెడతారు. ఎవరూ తెరవరు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పదిహేడో పెట్టెలోకి నేను ఇరవై ఐదు నెలలుగా దిగలేదు.


గాలికి ఐదు రోజులు

ఉదయం ఆరింటికే పదిహేడు దగ్గరికి వెళ్ళాను. పలక, సుద్ద ముక్క, తడిగుడ్డ తీసుకెళ్ళాను. పుస్తకం పైనే పెట్టి దిగాను.

కాగితం కిందికి దిగరాదని ప్రతి పెట్టె మీదా బోర్డు ఉంటుంది. కింద గోడలు ఉప్పునీళ్ళు కారుతుంటాయి. మొదటి ఏడాది పుస్తకాలన్నీ అలాగే కుళ్ళాయి. అప్పటి నుంచి ఇద్దరిద్దరం పని చేస్తున్నాం. ఒకరు కిందికి దిగి, గేటునీ పంపునీ నడిపే స్విచ్ తెర మీద ఉన్నది గట్టిగా చదవాలి. ఒకరు పైన కూర్చుని రాయాలి. చివర చదివినవారు, రాసినవారు అని రెండు పేర్లు పడాలి.

నాకు మా ఆవిడ కరుణమ్మ చదివేది. పెళ్ళయ్యాక నేను నేర్పిన ఇంగ్లీషు అక్షరాలే. అర్థం ఇద్దరికీ తెలియదు. అర్థంతో పని లేదు, అక్షరం తప్పకూడదు అంతే. ముప్పై ఏళ్ళలో ఆమె చదివిన లైను ఒక్కటీ తప్పని తిరిగి రాలేదు.

ఆమె పోయాక ఇంకొకరిని ఇమ్మని అడగలేదు. ఏమని అడగాలో తెలియలేదు. మిగతా నాలుగు పెట్టెలూ లోతు తక్కువ, ఆరేసి మెట్లు. పలక మీద రాసుకుని పైకొచ్చి పుస్తకంలో ఎక్కిస్తాను. పదిహేడుకి నలభై రెండు ఇనప మెట్లు. మొదటి నెల మోకాలు పట్టేసింది. ఈసారికి పాత పుస్తకంలోంచి ఎత్తుదాంలే, ఎలాగూ ఏమీ మారదు కదా అనుకున్నాను. తర్వాత నెల కూడా అలాగే అనుకున్నాను. చదివినవారు అన్నచోట కరుణమ్మ అని రాశాను. ఆ లైన్లు ఆమె చదివినవే కాబట్టి అది అబద్ధం అనిపించలేదు.

ఈ రోజు మూడుసార్లు దిగాను. పలకకి తొమ్మిది లైన్లు పడతాయి. మొదటి తొమ్మిదీ పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. కాస్త ఊపిరి పీల్చుకున్నాను. రెండోసారి పదిహేనో లైను దగ్గర ఆగిపోయాను. పుస్తకంలో లేని లైను అది. దాని కింద ఇంకో మూడు కొత్తవి.

మొత్తం రెండొందల పన్నెండు లైన్లు. ఈ రోజు అయినవి ఇరవై ఏడు. నాలుగోసారి కాలు మెట్టు మీద ఆనలేదు.

ఈ లెక్కన నాకు ఎనిమిది రోజులు కావాలి. గాలి వచ్చే ముందురోజు మధ్యాహ్నం కరెంటు తీసేస్తారు. తీయకపోతే స్విచ్ మాడిపోతుంది. తీస్తే అందులో పాఠం ఉండదు. పాఠం దాచుకునే చిప్పులు నా చిన్నతనంలో వచ్చిన మొదటి గాలికే కాలిపోయాయట, తర్వాత ఎవరూ చేయలేదు. గాలి పోయాక స్విచ్ అప్పుడే పుట్టిన పిల్లలా లేస్తుంది. మనం ఏం చెబితే అదే దానికి తెలుస్తుంది. సముద్రం గేటు ఏదో, పంపు ఏదో మన పుస్తకం చూసే చెప్పాలి.

పదిహేడు కింద ఉన్నది పల్లపు వీధి. సముద్రం కంటే రెండు నిలువుల లోతులో ఉంటుంది.


గాలికి నాలుగు రోజులు

మంగతాయారు గారితో చెప్పేద్దామని ఆఫీసుకి వెళ్ళాను. మా కట్ట అధికారి ఆవిడే. బల్ల మీద పటం పరిచి ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నారు. గుమ్మం దగ్గర నిలబడ్డాను. చాలాసేపటికి తలెత్తారు.

"ఏంటి ఏసుపాదం గారూ?"

"గ్రీజు అయిపోయిందండి."

గ్రీజు డబ్బా ఇప్పించారు. పట్టుకుని వచ్చేశాను. ఇంట్లో ఇప్పుడు మూడు డబ్బాలు ఉన్నాయి.

పదిహేడు దగ్గర ఒకసారి దిగి ఎక్కి, మూత మీద కూర్చుని ఆయాసపడుతున్నాను. పల్లపు వీధి మొదటింటి చంద్రకాంతం కట్ట వాలు మీద బట్టలు ఆరేస్తోంది. యాభై ఏళ్ళుంటాయి. వాళ్ళ ఇంటి కప్పు నా కాళ్ళకంటే దిగువన ఉంటుంది.

"బాబాయ్, ఇన్నాళ్ళూ ఇక్కడ కూర్చుని ఈ పుస్తకంలోంచి ఆ పుస్తకంలోకి రాసుకుని వెళ్ళిపోయేవారు. నిన్నటి నుంచి ఏంటి, దిగటం ఎక్కటం?"

ఆమె చూస్తూనే ఉందన్నమాట.

"పిన్ని ఉన్నప్పుడు కింద నుంచి అరిచేది, మా ఇంట్లోకి వినపడేది. ఏదో పద్యంలా ఉండేది. తర్వాత వినపడలేదు." చేతిలో చీర పిండి దులిపింది. "మా గేటు పాఠమేనా ఇది?"

"ఔను."

"సరిగ్గా ఉందా?"

తల దించుకుని లేదని చెప్పాను. మొత్తం చెప్పాను. నేను ఒకేసారి అంత మాట్లాడి చాలా కాలమైంది. ఆమె మధ్యలో ఆపలేదు.

"మా వీధిలో మూడొందల మందిమి ఉన్నాం బాబాయ్."

"తెలుసు."

"తెలిసే రాశారా?"

ఆమె తడి బట్టలు బుట్టలో పడేసి, కొంగు బిగించుకుంది.

"నాకు ఇంగ్లీషు అక్షరాలొచ్చు. ఐదు దాకా చదివాను. నేను దిగుతాను. మీరు రాయండి."

చదవడం మొదలుపెట్టాక నేనే రెండుసార్లు ఆపాను. కరుణమ్మ పొడుగ్గా ఉండే ఎల్ అక్షరాన్ని కర్ర అనేది, అంకె ఒకటిని ఒకటి అనేది. అడ్డగీత, వాలుగీత, జంట చుక్కలు అని చెప్పేది. చంద్రకాంతం గీత గీత అంటూ పోతోంది.

"ఏ గీత?" అని పై నుంచి అరిచాను.

"గీతంటే గీతే బాబాయ్."

"అడ్డంగా ఉందా, వాలుగా ఉందా?"

"పడుకుంది."

పడుకున్న గీత, వాలిన గీత అని ఒప్పందం చేసుకున్నాం. సాయంత్రానికి యాభై రెండో లైను.


గాలికి మూడు రోజులు

పొద్దున్నుంచీ కూర్చున్నాం. గంటకోసారి ఆమె పైకొచ్చి నడుము చాచుకుంటుంది. కింద గాలాడదు.

బుల్లియ్య అటుగా వచ్చి ఆగాడు.

"ఏరా, గాలి మూడు రోజుల్లో పెట్టుకుని ఇప్పుడు ఎత్తుతున్నావా? కింద ఎవరు?"

"చంద్రకాంతం."

"ఆమెకి ఈ పనెప్పుడిచ్చారు?"

"నిన్ననే" అన్నాను. అబద్ధం కాదు, నిజం కూడా కాదు. వాడు నా పుస్తకం వైపు చూశాడు. నేను చేత్తో కప్పుకోలేదు గానీ, కప్పుకోవాలనిపించింది.

"మా అమ్మాయి వాళ్ళు కిందే ఉన్నారురా" అన్నాడు.

తెలుసని తలూపాను. వాడు ఇంకేదో అడగబోయి, పంపు దగ్గర ఎవరో పిలిస్తే వెళ్ళిపోయాడు.

నూట ముప్పై లైన్లు అయ్యాయి. అందులో పాత పుస్తకంలో లేనివి పదకొండు. మారినవి ఆరు. రేపు, ఎల్లుండి మధ్యాహ్నం దాకా టైముంది. సరిపోతుంది.


గాలికి రెండు రోజులు

సరిపోలేదు.

ఉదయం పదకొండింటికి జెండా మార్చారు. ఎరుపు. గాలి జోరందుకుందట. రేపే వస్తుందని, ఈ రోజు పన్నెండింటికే కరెంటు తీసేస్తారని మైకులో చెప్పారు.

అప్పటికి నూట అరవై ఒకటో లైను దగ్గర ఉన్నాం. నేను కిందికి వంగి చెప్పాను. ఆమె చదివే వేగం పెంచింది. పడుకుంది, వాలింది, రెండు చుక్కలు, ఏడు, ఖాళీ. నా వేళ్ళు కొంకర్లు పోయాయి. రాత చెడకూడదని పళ్ళు బిగించి రాశాను. చదవలేని అక్షరం రాస్తే రాసినా ఒకటే, రాయకపోయినా ఒకటే.

నూట ఎనభై తొమ్మిదో లైను మధ్యలో ఆమె గొంతు ఆగింది.

"చదువు" అన్నాను.

"నల్లబడిపోయింది బాబాయ్."

ఆమె పైకొచ్చేదాకా నేను పెన్ను మూయలేదు. ఇంకా ఇరవై నాలుగు లైన్లు. వాటిని పాత పుస్తకంలోంచి ఎత్తాను. ఇంకేం చేయను? చేతిలో ఉన్నవి అవే. వాటి పక్కన గీత గీశాను. చదివినవారు అన్నచోట నూట ఎనభై ఎనిమిది దాకా చంద్రకాంతం అని రాశాను. తర్వాతి చోట ఏమీ రాయలేదు.

"వెళ్ళి చెప్పండి" అంది చంద్రకాంతం. "గ్రీజు అడిగి వచ్చేయకండి." ఆ సంగతి కూడా మొన్న ఆమెతో చెప్పాను.

ఆఫీసులో అందరూ పుస్తకాలు అప్పజెబుతున్నారు. మంగతాయారు గారు ఒక్కోటీ లెక్కపెట్టి పేరు టిక్కు పెడుతున్నారు. నా వంతు వచ్చింది. పుస్తకం బల్ల మీద పెట్టాను గానీ చెయ్యి తీయలేదు.

"ఇవ్వండి, ఏసుపాదం గారూ."

"ఇందులో చివరి ఇరవై నాలుగు లైన్లు పెట్టెలోవి కావండి."

ఆవిడ పుస్తకం తెరిచారు. గీత చూశారు. ఖాళీ చూశారు. అక్కడి నుంచి వెనక్కి తిప్పడం మొదలుపెట్టారు. నెల, నెల, నెల.

"చదివినవారు కరుణమ్మ అని ఉంది."

"ఔనండి."

"కరుణమ్మ గారు పోయినప్పుడు నేనే వచ్చాను కదా మీ ఇంటికి."

"వచ్చారండి."

ఇంకా తిప్పారు. ప్రతి నకలు కిందా ఆఫీసు ముద్ర, దాని మీద ఆవిడ సంతకం ఉన్నాయి. ఇరవై ఐదూ ఆవిడవే. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"పుస్తకంలోంచి పుస్తకంలోకా?" అన్నాడు బుల్లియ్య వెనక నుంచి. గట్టిగా అనలేదు. గట్టిగా అన్నా బాగుండేది. "ఒరేయ్, నేను నిన్ను టీ దగ్గర అడిగాను కదరా."

నేను వాడి వైపు తిరగలేకపోయాను.

మంగతాయారు గారు కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. "తిట్టుకోవడం తర్వాత. బుల్లియ్య గారూ, పల్లపు వీధి మొత్తం ఖాళీ చేయించండి, కట్ట మీది బడిలోకి. ముసలివాళ్ళని ముందు. గేటు చక్రానికి గొలుసు వేసి తాళం పెట్టండి. స్విచ్ లేచాక అది ఏం చెప్పినా గేటు కదలకూడదు."

"గొలుసు ఆగుతుందాండి, మోటారు లాగితే?" అన్నాడు బుల్లియ్య.

"కాసేపు ఆగుతుంది. ఆ కాసేపట్లో మీరు ఫ్యూజు పీకాలి. పంపుకీ అదే ఫ్యూజు, ముందే తీయలేం."


గాలి రోజు

పని లేదు. బడిలో కూర్చున్నాం. తీగల మీద పిట్ట వాలలేదు. దిక్సూచి ముల్లు గుండ్రంగా తిరుగుతోందని పిల్లలు చూసి నవ్వుకున్నారు. పల్లపు వీధివాళ్ళు నాకు మంచినీళ్ళిచ్చారు. చంద్రకాంతం వాళ్ళకి ఏం చెప్పిందో తెలియదు. తాగలేకపోయాను. పంపులు ఆగిపోయి, సాయంత్రానికి వీధిలో చీలమండల దాకా ఊట నీళ్ళు చేరాయి.


గాలి తర్వాత ఒక రోజు

మధ్యాహ్నం ఒంటిగంటకి కరెంటు ఇచ్చారు. పోటు మూడింటికి. వీధిలో నీళ్ళు మోకాలి దాకా ఉన్నాయి. పోటు ముదిరేలోపు పంపు తిరగకపోతే ఇళ్ళు దక్కవు.

ఇప్పుడు పని తిరగేసి. పైన ఉన్నవాడు చదవాలి, కింద ఉన్నవాళ్ళు టైపు చేయాలి. చంద్రకాంతం దిగింది. ఇంకెవరైనా దిగుతారేమోనని మంగతాయారు గారు అడిగితే, "ఆయన గీతలు నాకే అర్థమవుతాయి" అంది.

కట్ట మీద వీధి మొత్తం నిలబడి ఉంది. అంతమంది ముందు నేనెప్పుడూ నోరు తెరవలేదు. మొదటి లైను నాకే వినపడలేదు.

"గట్టిగా బాబాయ్" అని కింద నుంచి కేక.

గట్టిగా చదివాను. పడుకుంది, వాలింది, కర్ర, ఒకటి. నూరు దాటేసరికి జనం గుర్తు రావడం మానేశారు. నూట ఎనభై ఎనిమిది అయ్యాక ఆగి, "ఇక్కడి నుంచి పాతవి" అని చెప్పాను. మంగతాయారు గారు గేటు వైపు చూసి తలూపారు. మిగతా ఇరవై నాలుగూ చదివాను. అప్పటికి రెండూ యాభై.

స్విచ్ మీద పచ్చ దీపాలు వెలిగాయని చంద్రకాంతం కింద నుంచి చెప్పింది. వీధిలో నీళ్ళున్నాయని దానికి తెలిసింది. నీళ్ళుంటే పంపు తిప్పాలని పాఠంలో ఉంది. అందరం పంపు వైపు చూశాం.

పంపు పలకలేదు. గేటు దగ్గర మోటారు మూలిగింది.

గొలుసు బిగిసి నిట్టనిలువునా అయింది. చక్రం వేలెడంత తిరిగింది. గేటు అడుగు నుంచి తెల్లటి నీళ్ళు రేకులా చిమ్మాయి. అవతల సముద్రం గేటులో మూడొంతుల ఎత్తు ఉంది. ఎవరో ఆడమనిషి దేవుణ్ణి పిలిచింది. బుల్లియ్య ఫ్యూజు పెట్టె తలుపు తీయలేదు, పెరికేశాడు. మూలుగు ఆగింది. గొలుసులో ఒక కొక్కెం సగం తెరుచుకుని ఉంది.

మంగతాయారు గారు నా పక్కన కూర్చుని పుస్తకం తన వైపు తిప్పుకున్నారు. చివరి ఇరవై నాలుగు లైన్లలో వేలు పెట్టి వెతికారు.

"ఇక్కడ ఏడు పంపు, ఎనిమిది గేటు అని ఉంది. పంపు తిరగమంటే గేటు కదిలింది. అంటే ఏడో వైరు ఇప్పుడు గేటుది. ఆ అమ్మాయి రెండూ మార్చింది." నా వైపు తిరిగి, "అంతేనంటారా?" అన్నారు.

నన్నే అడిగారు. నాకు అర్థాలు తెలియవు. కానీ ఆ పైన కొత్తగా వచ్చిన లైన్లు నేనే రాశాను కదా, వాటిలో ఏడు ఎక్కడెక్కడ పడిందో చెయ్యికి గుర్తుంది. పదిహేనో లైను, నూట నాలుగు, నూట అరవై. మూడు చోట్లా ఏడు పక్కన ఒకే మాట ఉంది. పేజీలు తిప్పి చూపించాను.

"గేటు అనే ఉంది" అన్నారు ఆవిడ.

నాలుగు లైన్లు మార్చి చదివాను. చంద్రకాంతం కొట్టింది. బుల్లియ్య ఫ్యూజు పట్టుకుని నా వైపు చూశాడు. పెట్టమని ఈసారి నేనే చెప్పాను.

గేటు కదల్లేదు. పంపు దగ్గి, ఒకసారి ఆగి, అందుకుంది.


గాలి తర్వాత మూడు రోజులు

వీధి ఆరుతోంది. రెండు ఇళ్ళ గోడలు కూలాయి. మనుషులకేం కాలేదు. బుల్లియ్య ఇంకా టీకి పిలవలేదు. పెద్ద గొలుసు ఒకటి తెచ్చి గేటు దగ్గర శాశ్వతంగా బిగిస్తున్నాడు.

మంగతాయారు గారు పై ఆఫీసుకి ఉత్తరం రాశారట. అందులో నా పేరు, తన పేరు రెండూ పెట్టారట. వాళ్ళేం చేస్తారో తెలియదు. అప్పటిదాకా పదిహేడు చంద్రకాంతం చదువుతుంది, నేను రాస్తాను. నెలకోసారి మూడో మనిషి పుస్తకం పట్టుకుని పైన కూర్చుని, తెర మీదిది కింద నుంచి మళ్ళీ చదివించుకుని సరిచూడాలి. కొత్త బోర్డు రాస్తున్నారు.

నాకు ఇంకో పని కూడా ఇచ్చారు. పదిహేడు పుస్తకం నా ముందు పెట్టి, నిజంగా చదవని నకళ్ళలో పేరు కొట్టేసి పక్కన సంతకం చేయమన్నారు.

ఈ రోజంతా అదే చేశాను. స్కేలు పెట్టి కొట్టాను. ఒక్కో పేరు మీద ఒక్క గీత, పడుకున్నది. ఇరవై ఐదు అయ్యాయి. ఇంకో పేజీ వెనక్కి తిప్పితే ఇరవై ఆరోది వచ్చింది. అప్పటికే ఆమెకి దగ్గు ఉంది. మధ్యలో నాలుగుసార్లు ఆగింది, ఆగిన చోటల్లా నా పెన్ను చిన్న చుక్క పెట్టింది. చివర చదివినవారు, కరుణమ్మ.

స్కేలు తీసి పక్కన పెట్టాను. ఆ రోజు ఆమె చదివింది.